సూదికి భాష లేదట!

రాయచూరు ఆసుపత్రులలో తెలుగు తప్ప వేరు భాష రాని రోగులకు ఒక దుబాసీ ఉండవలెనని మన సంఘము విన్నపము వ్రాయ సంకల్పించినది. ఈ సంగతి వినినంతనే మనలోని కొందరు పెద్దమనుష్యులు పెదవి విరిచిరి. "సూదికి భాష యేమిటి? మాత్రకు భాష యేమిటి? వైద్యుడు నాడి చూచును, మందు వ్రాయును, రోగి మ్రింగును. ఇందులో తెలుగు కన్నడముల ప్రసక్తి యెక్కడిది?" అని వారి ప్రశ్న. మరికొందరు, "సంఘము చేయవలసినది కల్యాణమండపము, ఆసుపత్రుల గొడవ మనకేల?" అనుచున్నారు. ఈ రెండు మాటలకును బదులు చెప్పుట మా విధి. ఆ బదులును ఒక ఆసుపత్రి చరిత్ర మూలముగా చెప్పదలచితిమి. అది గుంటూరులోని సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి, కతోలిక కన్యాస్త్రీలది. మాది ఆ మతము కాదు. కాకపోవుటచేతనే ఆ చరిత్రను చెప్పుటకు మాకు మొగమాటము లేదు.

గుంటూరు మనకు దూరపు ఊరని యెవరును అనుకొనరాదు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తియైన పిమ్మట, కాలువ నీరు పారిన సింధనూరు, మాన్వి ప్రాంతములకు కోస్తా జిల్లాల రైతులు తరలివచ్చి క్యాంపులు కట్టుకొనిరి. అంతకు ముందునుండియే కృష్ణ యీవలి గట్టున తెలుగు మాట వినబడుచుండెను. 1956 నవంబరు 1వ తేదీ వరకు రాయచూరును, మహబూబునగరమును ఒకే హైదరాబాదు రాష్ట్రములోనివి. ఆ దినమున గీత గీయబడినది. నది నడుమ నిలిచినది. మాటలు మాత్రము రెండు గట్టులను మిగిలినవి. 1985లో శక్తినగరమున ఉష్ణవిద్యుత్ కేంద్రము మొదటి యూనిటు నడచినది మొదలు కూలికై, కొలువుకై, వర్తకమునకై వచ్చిన తెలుగువారు దేవసూగూరు చుట్టుపట్ల మరింత పెరిగిరి. కనుక గుంటూరు స్త్రీల కథ మన తల్లుల కథయే.

ఇక చరిత్రకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దము చివర మన తెలుగు స్త్రీ జబ్బుపడిన, పరపురుషుడగు వైద్యునికి చేయి చూపుట కూడ కష్టమైన కాలమది. ఘోషాలోని స్త్రీ సంగతి చెప్పనేల? ప్రసవము కష్టమైనచో మంత్రసాని, ఆమెకు చేతకానిచో దైవము. ఆ చీకటిలో మొదట దీపము పట్టినవారు కతోలికులు కారు. అమెరికా నుండి వచ్చిన లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్. ఆమె 1883లో గుంటూరు చేరెను; 1898లో ఆమె ఆసుపత్రి తెరవబడెను. 1930లో ఆ ఊరనే కన్ను మూసెను. ఆమె చేతి వైద్యముచే తన యింటివారు కోలుకొనగా, ఏలూరు రాజా ఆ ఆసుపత్రి చెంత హిందూ రోగుల బంధువులు దిగుటకు ఒక సత్రము కట్టించెను. ఆయన మతము మారలేదు; దూషణకును దిగలేదు. తన వంతు పని యేదో చూచుకొని చేసెను. ఈ సత్రమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక; దీనితో మాకు ముందు పని యున్నది.

హాలెండు దేశమునుండి యేసు మరియ యోసేపు సభకు చెందిన కన్యాస్త్రీలు 1904లో గుంటూరు వచ్చిరి. వారికి సేవ చేయవలెనను కోరిక కలదు గాని చేతిలో వైద్యము లేదు. అంతకంటె పెద్ద ఆటంకము వారి మతశాసనమే. సన్యాసము పుచ్చుకొన్నవారు వైద్యవృత్తి చేయరాదనియు, ముఖ్యముగా కన్యాస్త్రీలు ప్రసవకార్యములు చేయరాదనియు నాటి కతోలిక కట్టడి. స్కాట్లండుకు చెందిన వైద్యురాలు ఆగ్నెస్ మెక్లారెన్ ఈ కట్టడి సడలవలెనని రోము నగరమునకు మొర పెట్టుకొనుచు వచ్చెను. ఆమె పూనికతో రావల్పిండిలో ఒక స్త్రీల ఆసుపత్రి వెలసినది గాని, కట్టడి మారక మునుపే 1913లో ఆమె మరణించెను.

ఆస్ట్రేలియాలో మేరీ గ్లౌరీ అను వైద్యురాలు 1915లో ఆ మెక్లారెన్ జీవితమును గూర్చిన ఒక చిన్న పుస్తకమును చదివెను. గ్లౌరీ 1887లో విక్టోరియా రాష్ట్రమున పుట్టి, 1910లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టమును పుచ్చుకొని, ఆ నగరమున మంచి పేరు గడించినది. 1919లో ఎం.డి. పట్టమును కూడ పొందినది. సుఖముగా బ్రతుకుటకు ఆమెకు కొరత యేమున్నది? అయినను ఆ చిన్న పుస్తకము ఆమెను కుదురుగా కూర్చుండనీయలేదు. 1920లో తన 32వ యేట గుంటూరు వచ్చి ఆ సభలో చేరి సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అను పేరు దాల్చెను. పోపు పదునైదవ బెనెడిక్టు ఆమెకు ప్రత్యేకముగా అనుమతి నిచ్చుటచే కన్యాస్త్రీగా నుండియు వైద్యము చేయగలిగెను. ఒక చిన్న మందుల గదితో మొదలైన పని ఆమె కాలముననే పూర్ణమైన ఆసుపత్రియై, లక్షలాది రోగులకు దిక్కైనది.

ఇప్పుడు మన పెద్దమనుష్యులు చెవి యొగ్గి వినవలసిన సంగతి చెప్పుచున్నాము. ఆ వైద్యురాలు తెలుగు నేర్చుకొనెను. సూదికి భాష లేనిచో ఆమె కేల ఆ శ్రమ? ఎం.డి. పట్టము మెడలో వేసికొని, ఇంగ్లీషు వచ్చిన గుమాస్తాను పక్కన నిలుపుకొని పని గడుపుకొనరాదా? ఆమె అట్లు చేయలేదు. మన మూలికల గుణములను తెలిసికొనెను. స్థానిక యువతులకు మందులు కలుపుట, కాన్పులు చేయుట, రోగుల సేవ నేర్పెను. ఆ విదేశీ వనితకు తెలిసిన రహస్యము ఒక్కటి: రోగము సగము శరీరమున నుండును, సగము రోగి మాటలో నుండును. మాట అందనివానికి రోగము సగమే అందును.

ఇది అలంకారము కొరకు చెప్పిన మాట కాదు. మన తెలుగు ఇల్లాలు బాధను ఎట్లు చెప్పునో ఆలోచింపుడు. గర్భవతి యైనచో "నెల తప్పినది" అనును. గర్భస్రావమైనచో "కడుపు పోయినది" అనును. ప్రసవించినచో "నీళ్ళాడినది" అందుము. తల తిరుగుచున్నచో "కళ్ళు తిరుగుచున్నవి" అందుము. ఈ మాటలను తెలుగు రానివాడు ముక్కకు ముక్కగా కన్నడము చేసినచో ఏమగును? కడుపు పోయినదను మాట విరేచనముల పద్దులో పడును; నీళ్ళాడినదను మాట స్నానముగా మారును; కళ్ళు తిరిగినవన్నచో రోగిని కంటి వైద్యునికడకు పంపుదురు. కన్నడమువారు తల సుత్తు అందురు; వారి తల తిరిగినచోట మన కళ్ళు తిరుగును! మనము సుస్తీ అన్నచో జబ్బు. వారు సుస్తు అన్నచో అలసట. పక్కపక్క భాషలగుటచే తెలిసినట్లే యుండి తెలియకపోవుటయే ఇందలి ప్రమాదము. జర్మను భాష వినిన వైద్యుడు "నాకు తెలియదు, దుబాసీని పిలువుడు" అనును. తెలుగు వినిన వైద్యుడు తెలిసినదనుకొని కలము కదపును.

కల్పించి చెప్పుచున్నామని యెవరును అనకుందురు గాక. మన వారిలో ఒక కూలి కుటుంబపు యువతి, మూడు నెలల గర్భము పోయి రక్తము ఆగక ఒక ఆసుపత్రికి పోయినది. వెంట వచ్చిన మరిది అడిగినవారికి సిగ్గుచే "కడుపు బాగులేదు" అని మాత్రమే కన్నడములో చెప్పెను. ఆమెకు కడుపునొప్పి మాత్రలిచ్చి పంపిరి. మరునాటి రాత్రి ఒడలు తెలియని స్థితిలో తిరిగి తీసికొనిపోవలసి వచ్చినది. బ్రతికినది, దైవము చల్లగా చూచినది. ఆ వైద్యుని మేము నిందింపము. ఆయన వినిన మాటకు తగిన మందే ఇచ్చెను. ఆ మరిదిని నిందింపము. వదినెగారి గర్భమును గూర్చి పరాయివారి యెదుట మాటలాడుట అతని కెట్లు సాధ్యము? ఆమె కడ కూర్చుండి, ఆమె మాటలో ఆమెను అడుగగల ఒక స్త్రీ అచట లేకపోవుటయే లోపము. ఆ లోపమును పూరింపవచ్చును. పూరింపదగిన లోపమును పూరింపక దైవముపై వేయుట మాత్రము పాపము.

శాసనము ఏమి చెప్పుచున్నదో చూతము. రాజ్యాంగము 350వ అధికరణము ప్రకారము ఏ పౌరుడైనను తన కష్టమును నివేదించుచు ప్రభుత్వ అధికారికి, కేంద్రమున గాని రాష్ట్రమున గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను అర్జీ పెట్టుకొనవచ్చును. 1956లో చేర్చిన 350-ఎ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చి చెప్పుచున్నది. 350-బి అల్పసంఖ్యాక భాషల వారి కొక ప్రత్యేకాధికారిని నియమించినది. ఇంత చెప్పిన రాజ్యాంగమున ఆసుపత్రి మాట లేదు. పన్ను ఎక్కువ పడినదని తెలుగులో మొర పెట్టవచ్చునట. ప్రాణము పోవుచున్నదని తెలుగులో మొర పెట్టుటకు మాత్రము హక్కు లేదట! అయినను దారి బొత్తిగా మూసికొని పోలేదు. రోగికి తగినంత వివరము చెప్పి పొందిన సమ్మతియే సమ్మతి యని 2008లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషను రూపొందించిన రోగుల హక్కుల పత్రమును, రోగికి తెలిసిన భాషలో వివరము చెప్పవలెననుచున్నది. చదువలేని ఇంగ్లీషు కాగితముపై వేలిముద్ర వేయించుకొని శస్త్రచికిత్స చేయుచోట, ఆ వేలిముద్ర సమ్మతికి గురుతా, నిస్సహాయతకు గురుతా? ఈ ప్రశ్న తెలుగువారిది మాత్రమే కాదు. ఇంగ్లీషు రాని కన్నడ సోదరులదియును.

గుంటూరు కథలో మరియొక ఘట్టము కలదు. మెక్లారెన్ మొర పెట్టిన ఆ కట్టడి యేమైనది? గ్లౌరీ వంటి స్త్రీలు చేసిన పనిని కన్నులార చూచిన పిమ్మట, 1936లో రోము నుండి క్రొత్త ఆజ్ఞ వెలువడినది. కన్యాస్త్రీలు వైద్యమును, ప్రసవకార్యములను అభ్యసింపవచ్చునని, అందుకు తగిన సభలు ఏర్పడవచ్చునని అనుమతి వచ్చినది. తరతరముల మతశాసనమే మన దేశపు స్త్రీల బాధకు కరగి దారి యిచ్చినప్పుడు, ఒక ఆసుపత్రి చీటీలు వ్రాయు బల్ల దగ్గర ఒక తెలుగు తెలిసిన మనిషిని కూర్చుండబెట్టుటకు ఏ శాసనము అడ్డము వచ్చుచున్నది?

"ఆ ఆసుపత్రులు మతమార్పిడి కొరకు పన్నిన వలలు" అని కొందరందురు. వారికి మా జవాబిది. మిషనులవారు తమ మతమును దాచుకొనలేదు. ఆసుపత్రి తలుపుపైననే పునీతుని పేరు వ్రాసికొనిరి. ఆ తలుపులోనికి అన్ని మతముల వారును పోయి వైద్యము పొంది తమ యిండ్లకు తిరిగి వచ్చిరి. మతమునకు భయపడువారికి మా యొక్క సలహా: ఏలూరు రాజా చేసినట్లు మీరును ఒక సత్రము కట్టుడు. వారికంటె ముందుగ రోగి మంచము కడకు మీరు చేరుడు. ఎదుటివాడు చేసిన సేవకు తిట్టు బదులు కాదు; సేవయే బదులు.

"అవి మహాత్ముల కాలపు మాటలు, నేడు మిషను ఆసుపత్రులును డబ్బు పుచ్చుకొనుచున్నవి గదా" అని ఇంకొకరందురు. పుచ్చుకొనుచున్నవి. మందు ఉచితముగా మొలవదు. ఆ సంగతి వర్తకులమగు మాకు ఒకరు చెప్పనక్కరలేదు. కాని కొట్టునకును ఆసుపత్రికిని ఒక భేదము కలదు. మా కొట్టునకు వచ్చినవాడు ధర నచ్చనిచో పక్క కొట్టునకు పోవును; వస్తువును చేతబట్టి చూచును; తూకము సరిచూచుకొనును. రోగి అట్లు చేయగలడా? అతనికి వస్తువు తెలియదు, తూకము తెలియదు, పక్క వీధికి నడచు ఓపిక లేదు. బేరమాడలేనివానితో బేరము చేయుట వర్తకము కాదు. దానికి వేరు పేరు కలదు. కనుకనే ఆసుపత్రికి చిట్టా ఆవర్జాలతో పాటు ఒక ధర్మము కావలెను. ఆ ధర్మము వ్రాసిపెట్టి నలుగురి యెదుట చదువదగినదై యుండవలెను.

గుంటూరు వారికి అట్టి ధర్మము ఉండెను. పేదవాని ప్రాణమునకును ధనికుని ప్రాణమునకును ఒకే విలువ. పుట్టబోవు శిశువు మొదలు మరణించు వృద్ధుని వరకు ప్రాణము పవిత్రము. వైద్యము కొద్దిమంది చేతి విద్యగా నిలువక స్థానిక స్త్రీల చేతికి అందవలెను. ఆ నమ్మకమును బట్టియే కతోలిక ఆసుపత్రులు గర్భస్రావము చేయుటకును, సంతాన నిరోధ శస్త్రచికిత్సలకును నేటికిని ఒప్పుకొనవు. ఈ విషయమున పాఠకులలో చాలమందికి వేరు అభిప్రాయము ఉండవచ్చును, ఉండుట న్యాయమే. కాని తాము ఏది చేయుదుమో, ఏది చేయమో ముందుగ చెప్పు సంస్థతో వాదింపవచ్చును. ఏ ధర్మమును చెప్పక రసీదు మాత్రమే ఇచ్చు సంస్థతో వాదించుట కూడ సాధ్యము కాదు.

ఒంటరి సేవ వ్యక్తితో అంతరించునని కూడ గ్లౌరీకి తెలియును. 1943లో 16 మంది కన్యాస్త్రీలను కూర్చుకొని కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించెను. నేడు హైదరాబాదు ప్రాంతము కేంద్రముగా నున్న ఆ సంఘములో 3,500కు పైగా సంస్థలు కలవు. తమకొక వైద్యకళాశాల కావలెనని ఆమె కన్న కలను కతోలిక పీఠాధిపతులు 1963లో బెంగుళూరు సెయింట్ జాన్స్ కళాశాలగా నిజము చేసిరి. అది చూచుటకు ఆమె లేదు. 1957 మే 5వ తేదీన బెంగుళూరులోనే కన్ను మూసెను. 2013లో ఆమెను దైవసేవకురాలని ప్రకటించిరి. ఆ బిరుదు వారి మతవిషయము. మనము గ్రహింపవలసినది 16 అను అంకె. 16 మందితో మొదలైనది ఈ దేశమున అంత పెద్ద సంఘమైనది. మన సంఘపు వార్షికోత్సవమునకు విస్తరి వేసికొని కూర్చుండువారు అంతకు ఎన్ని రెట్లో లెక్క చూచుకొనుడు!

ఈ సందర్భమున మన ధనికులకొక మాట. కల్యాణమండపము వలదని మేము చెప్పము. పెండ్లి ఒకనాటి ముచ్చట. రోగము ఏనాటి కానాడు వచ్చు చుట్టము. పాలరాతిపై పేరు చెక్కించుకొనుటకు ముందుకు వచ్చిన చేతులు, రోగి తల క్రింద దిండు సర్దుటకు రాకపోవుట మన సంఘమునకు వన్నె కాదు. ఉగాదినాడు తెలుగు తేనె యని ఉపన్యసించి, ఆ మరునాడు తెలుగు కూలివాడు ఆసుపత్రి వరండాలో మూగవాడై కూర్చుండగా చూచి చూడనట్లు పోవుట భాషాభిమానము కాదు.

కావున మేము కోరునవి ఇవి. ఆసుపత్రులవారు పగలును రాత్రియును తెలుగు, కన్నడ, ఉర్దూ భాషలు తెలిసిన ఒక సహాయకురాలిని ఉంచవలెను. సమ్మతిపత్రమును రోగికి తెలిసిన భాషలో చదివి వినిపించిన పిమ్మటనే వేలిముద్ర తీసికొనవలెను. ఇక మన సంఘము చేయవలసినవి: ఏటేట ఇద్దరు పేద బాలికలను నర్సు చదువునకు పంపి, తిరిగి ఈ ప్రాంతముననే పని చేయునట్లు మాట తీసికొనవలెను. రోగముల పేర్లు, బాధల పేర్లు తెలుగు కన్నడములలో పక్కపక్కన వ్రాసి ఈ పత్రికలో అచ్చు వేయవలెను. అందుకు వలయు కాగితపు ఖర్చు మా వర్తకులు భరింతుము. వారమునకొక దినము ఇద్దరేసి స్వచ్ఛంద సేవకులు, అందొకరు తప్పక స్త్రీ, రాయచూరు ఆసుపత్రికి పోయి మన రోగుల కడ కూర్చుండవలెను. దేవసూగూరునకు రాయచూరు సుమారు 20 కిలోమీటర్లే గదా!

కన్నడ సోదరులు దీనిని అన్యథా తలంపరాదు. ఈ నేల వారిది, మనది. మన బిడ్డలు కన్నడము బాగుగా నేర్వవలెను, నేర్చుచున్నారు. కాని అరువదియేండ్ల ముసలమ్మ నొప్పితో మెలికలు తిరుగుచు కన్నడ వ్యాకరణము నేర్చువరకు వైద్యము ఆగదు. మనము కోరు ఈ ధర్మమే కర్నూలు, మహబూబునగరము, హైదరాబాదు ఆసుపత్రులకు పోవు కన్నడ రోగులకును చెందవలెను. అందుకు మొదట విన్నపము వ్రాయవలసిన వారము కూడ మనమే. సూగూరేశ్వరుని జాతరలో ఇరుభాషల వారును ఒకే వరుసలో నిలుచుచున్నారు; వైద్యుని గది యెదుట నిలువలేరా? 2022 నుండి రాయచూరునకు ఎయిమ్స్ కావలెనని సాగిన ఉద్యమమున మన వారును గొంతు కలిపిరి. పెద్ద ఆసుపత్రి రావలసినదే. అది వచ్చినను, లోపల రోగి మాట వినువారు లేనిచో, అది పెద్ద గోడల మూగయిల్లు మాత్రమే యగును.

సూదికి భాష లేదు, నిజము. కాని సూది ఎక్కడ గ్రుచ్చవలెనో చెప్పునది రోగి నోరు. మెల్బోర్న్ నగరమునుండి వచ్చిన వైద్యురాలు మన మాట నేర్చుకొన్నది. మన పక్కింటి రోగికి మన మాటను అరువిచ్చుటకు మనము వెనుకాడుదుమా? వచ్చు సమావేశమునకు సేవకుల జాబితాతో రండు. వట్టి చేతులతో వచ్చి పెదవి విరుచువారికి ఇక మేము జవాబు చెప్పము.